పొగాకూ వెనీలా

ఉదయం ఆరున్నరకి కోడలు రెండు బంగాళాదుంపలు ఉడకబెట్టేది. తొక్క తీసి, పాలు పోసి, ఉండలు లేకుండా మెదిపి, చిటికెడు ఉప్పు వేసి గిన్నెలో పెట్టేది. తర్వాత బీరువా తెరిచి, పై అరలో స్వెటర్ల వెనకాల ఉన్న నల్ల సీసా తీసి, కుర్చీకి తొడిగిన తెల్ల చొక్కా కాలరు మీద ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నొక్కేది. సీసా మళ్లీ బీరువాలో పెట్టి వెనక్కి తిరిగేసరికి ఆ చొక్కాలో ఆమె మొగుడు కూర్చుని ఉండేవాడు.

అతను పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

బతికున్నప్పుడు ఒక పెద్దాయన దగ్గర కారు డ్రైవరు. ఆ పెద్దాయన సగం వాడి విసుగొచ్చిన సెంటు సీసా ఒకరోజు ఇతని చేతిలో పెట్టాడు. కారులో చెమట వాసన వస్తోందని చెప్పలేక ఇచ్చాడో, నిజంగా అభిమానంతోనే ఇచ్చాడో డ్రైవరుకి చివరిదాకా తేలలేదు. రోజుకొక్క చుక్క కొట్టుకుని డ్యూటీకి వెళ్లేవాడు. ముందు తడిసిన పొగాకు వాసన వచ్చేది, అప్పుడే కట్ట విప్పినట్టు. కాసేపటికి దాని కిందనుంచి వెనీలా లేచేది, పక్కగదిలో ఎవరో పాలు కాస్తున్నట్టు. సాయంత్రానికి ఎండుద్రాక్ష, పాత చెక్కపెట్టె. ఆ వాసన మెట్లెక్కిందంటే మూడో అంతస్తులో అందరికీ డ్రైవరు ఇంటికొచ్చాడని తెలిసిపోయేది.

పోయాక కూడా అంతే. పక్క వాటాలో ఉండే టైలరమ్మ గోడ అవతలనుంచే అడిగేది.

"మీ ఆయన వచ్చినట్టున్నాడు. ఈ డబ్బా మూత బిగుసుకుపోయింది, కాస్త తీసిపెట్టమంటావా?"

అతను మూత తీసిపెట్టేవాడు. చేతులు కడుక్కుని, గిన్నె తీసుకుని, లోపలి గదిలో మంచం మీద ఉన్న తల్లి పక్కన కూర్చునేవాడు. ఆవిడకి ఎనిమిదేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి కొడుకు పెడితేనే తినేది. కోడలంటే కోపం ఉండి కాదు. "నా చెయ్యి పోయింది గనక వాడి చెయ్యి నాది," అనేది, అంతే. అతను ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక చెంచా పెట్టి, ఆవిడ మింగేదాకా కిటికీలోంచి రోడ్డు మీద కార్లని చూసి, ఇంకో చెంచా పెట్టేవాడు. కోడలు గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూసేది.

"టైమవుతోంది, వెళ్లు," అనేవాడు.

ఆమె లాండ్రీకి వెళ్లి పొద్దుగూకేదాకా చొక్కాలు ఇస్త్రీ చేసేది. మధ్యాహ్నానికి కాలరు మీద వాసన పోయేది, అతనూ పోయేవాడు. రేపు మళ్లీ వస్తాడు గనక ఎవరూ బాధపడేవాళ్లు కాదు.

సీసా అడుక్కి వచ్చేసరికి ఆమె భయపడి స్పిరిట్టు కలిపింది. అతను గంటసేపే ఉన్నాడు. ఇంకా కలిపింది. పావుగంట, పలచగా, మాట సరిగ్గా వినపడకుండా వచ్చి వెళ్లాడు. ఒక సోమవారం సగం గిన్నె తినిపిస్తూ తినిపిస్తూ లేకుండా పోయాడు. మంగళవారం ఎంత నొక్కినా సీసాలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"పెట్టనా అత్తయ్యా?" అంది కోడలు, గిన్నె పట్టుకుని.

"ఆకలి లేదమ్మాయ్," అంది అత్తగారు.

బుధవారం కూడా ఆకలి లేదు. రెండు గుక్కల పంచదార నీళ్లు తాగి కళ్లు మూసుకుంది.

కోడలు లాండ్రీకి సెలవు చెప్పి పెద్ద దుకాణానికి వెళ్లింది. ఆ నల్ల సీసా అక్కడ అద్దాల వెనక, కింద దీపం పెట్టి ఉంది. ధర చూసి, తన ఐదు నెలల జీతమని గ్రహించి, చేతులు వెనక్కి పెట్టుకుంది. కౌంటరులో అమ్మాయి ఆమె చెప్పులు చూసింది గానీ మంచిదే. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, మార్కెట్టు వెనక సందులో ఒక సెంటాయన ఉన్నాడు. ఇలాంటివాటికి నకళ్లు చేస్తాడు. పదో వంతుకే ఇస్తాడు."

సెంటాయన కొట్టు గట్టిగా నాలుగడుగుల వెడల్పు. గోడల నిండా చిన్నచిన్న సీసాలు, ఒక్కోదానికి చేత్తో రాసిన చీటీ. ఆయన ఆమె తెచ్చిన ఖాళీ సీసా మూత తీసి, కళ్లు మూసుకుని, చాలాసేపు పీల్చాడు.

"ఎవరికోసం?"

"మా ఆయన రావాలి బాబాయ్."

"ఎంతసేపు ఉండాలి?"

"గిన్నెడు తినిపించేంతసేపు."

సెంటాయన తల ఊపాడు. రెండు కాగితం పట్టీల మీద రెండు చుక్కలు వేసి ఆమె ముందు ఆడించాడు. "ఇది తియ్యటిది. వెనీలా మీదికి తేలుతుంది. ఇది ఘాటు. పొగాకు పచ్చిగా ఉంటుంది, కొంచెం మసి కూడా. అసలుదానిలో ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. అక్కడే వస్తుంది చిక్కు."

"దీనికంటే దగ్గరది లేదా?"

"నేనే ఒకటి కలపాలి. అది చీకట్లో మూడు నెలలు ఊరాలి. ఇవాళే కలిపి పెడతాను, మీ ఖాళీ సీసా ఇక్కడే ఉంచండి."

మూడు నెలలన్న మాట విని ఆమెకి ఏడుపొచ్చింది. రెండు చిన్న సీసాలూ కొనుక్కుని ఇంటికొచ్చింది.

తియ్యటిది కొట్టగానే గది బేకరీలా అయింది. కుర్చీలో బొద్దుగా ఉన్న మనిషి. నుదురు డ్రైవరుదే, అచ్చు గుద్దినట్టు. కిందంతా ఎవరిదో నవ్వు మొహం. చొక్కా గుండీలు బిగుసుకుపోయాయి. "ఏం బంగారం, ఎలా ఉన్నావు, ఎంత అందంగా ఉన్నావు," అంటూ లేచి, ముసలావిడ మంచం మీద కూర్చుని, బుగ్గలు నిమిరి, పాట అందుకున్నాడు. చెంచా నోటి దగ్గరికి తెచ్చి ముద్దు మాటలు చెప్పాడు. ఆవిడ కాసేపు మర్యాదకి విన్నది. తర్వాత కోడలి వైపు చూసింది.

"మావాడు పుట్టి బుద్ధెరిగాక నాతో ఇంత తియ్యగా మాట్లాడలేదు. పంపించెయ్ తల్లీ, తల తిరుగుతోంది."

పంపించాల్సిన పని లేకపోయింది. నలభై నిమిషాలకి వాసనే పోయింది.

మర్నాడు ఘాటుది కొట్టింది. వచ్చినవాడు వస్తూనే దగ్గాడు. కుర్చీలోంచి లేచి, ఎవరినీ పలకరించకుండా, వెళ్లి కిటికీ దగ్గర నిలబడి అగ్గిపెట్టె ఉందా అని అడిగాడు. వెనకనుంచి చూస్తే అతనే. ఆ భుజాలు, మెడ మీద ఆ పుట్టుమచ్చ, ఎడమకాలి మీద బరువేసి నిలబడే ఆ తీరు. కోడలు గిన్నె సంగతి మరిచిపోయింది. అతను ఇటు తిరిగితే ఎవరి మొహం ఉంటుందోనని పిలవలేదు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, ఊపిరి బిగబట్టి, ఆ వీపు వెనక అలాగే నిలబడింది. లోపలనుంచి అత్తగారు నీరసంగా అడిగింది.

"వచ్చాడా?"

"లేదత్తయ్యా," అంది కోడలు, ఆ వీపు మీదనుంచి కళ్లు తిప్పకుండానే.

శనివారం డాక్టరు వచ్చి సెలైన్ పెట్టాడు. ముసలావిడ మణికట్టు పట్టుకుని చూసి, కోడల్ని వరండాలోకి పిలిచాడు.

"శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి ఆస్పత్రిలో ఉంచాలి. ఈ వయసులో గొట్టంతో వెళ్లినవాళ్లు ఇంటికి రావడం తక్కువమ్మా. నేను అబద్ధం చెప్పను."

ఆదివారం ఆమెకి ఒక ఆలోచన తట్టింది. రెండు సీసాలూ కలిపి కొడితే తీపీ ఘాటూ సరిసమానం అవుతాయి కదా అని చొక్కాకి అటు రెండు, ఇటు రెండు చుక్కలు వేసింది. ఒకే కుర్చీలో ఒకరి మీద ఒకరు ఇద్దరు వచ్చారు. నువ్వు జరుగంటే నువ్వు జరుగంటూ తోసుకున్నారు. ఒకడు పాడుతుంటే ఇంకొకడు దగ్గుతూ, నోరు ముయ్యమని తిట్టాడు. కుర్చీ కాలు విరిగింది. గోడ అవతలనుంచి టైలరమ్మ, "పిల్లా, ఎవరైనా చుట్టాలొచ్చారా?" అని అడిగింది. కోడలు వంటింట్లోకి పోయి, తలుపు వేసుకుని, గట్టు మీద తల ఆన్చి ఏడ్చింది. ఆమె బయటికొచ్చేసరికి ఇద్దరూ లేరు. బంగాళాదుంప గిన్నెలో ఎండి పెచ్చుకట్టింది.

బుధవారం లాండ్రీలో, మూటలు విప్పుతుంటే, ఆమె చెయ్యి ఒక బూడిదరంగు కోటు మీద ఆగిపోయింది. ముక్కు దగ్గరికి తీసుకోకుండానే తెలిసింది. తడి పొగాకు, కింద పాలు, ఎండుద్రాక్ష. ఎవరో డబ్బున్నాయన మొన్ననో అటుమొన్ననో ఆ నల్ల సీసాలోది కొట్టుకున్నాడు. ఆమె జీవితంలో ఎప్పుడూ కస్టమరు బట్ట బయటికి తీసుకెళ్లలేదు. భోజనాల వేళ కోటుని సంచీలో కుక్కి, మూడంతస్తులూ పరిగెత్తి ఎక్కి, విరిగిన కుర్చీకి కింద ఇటుక పెట్టి, దానికి తొడిగింది.

అతనే వచ్చాడు. గోడ మీద క్యాలెండరు అతని ఛాతీలోంచి కనిపించేంత పలచగా, కానీ అతనే. మొహం అదే, చూపు అదే.

"ఎవరి కోటు ఇది?" అన్నాడు.

"కస్టమరుదండీ. అవన్నీ తర్వాత. ముందు అత్తయ్యకి పెట్టండి, తిని తొమ్మిది రోజులైంది."

అతను లోపలికి వెళ్లాడు. తల్లి కళ్లు తెరిచి, చూసి, నోరు తెరిచింది. అన్ని రోజుల్లో మొదటిసారి. అతను చెంచా పట్టుకున్నాడు. వేళ్లు దాని చుట్టూ ముడుచుకున్నాయి గానీ చెంచా కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. చెంచా గిన్నెలోంచి ఒక అంగుళం లేచి, జారి, నేల మీద పడింది. ఆవిడ నోరు తెరిచే ఉంది. అతను వంగి చెంచా తియ్యబోయాడు. అది అతని చేతిలోకి రాలేదు. మూడోసారి ప్రయత్నించి, మోకాళ్ల మీదే ఉండి, భార్య వైపు చూశాడు.

"నా చేతుల్లో బలం లేదు. నువ్వు పెట్టు."

"నేను పెడితే తినరు."

"నాకు తెలుసు," అన్నాడు. ఇంకేదో అనబోయాడు. "కోటు ఇచ్చెయ్. నీ ఉద్యోగం..." అన్నంతవరకే వినిపించింది.

ముసలావిడ నెమ్మదిగా నోరు మూసుకుంది. "వాడు బాగా చిక్కిపోయాడు," అంది. గోడ వైపు తిరిగింది. ఆ సాయంత్రంనుంచి పంచదార నీళ్లు కూడా మానేసింది.

కోటు సంగతి లాండ్రీలో తెలిసింది. యజమాని అరవలేదు. ఆమె పదకొండేళ్లుగా నమ్మకంగా చేసిన పని చూసి, వారం రోజులు రావద్దు, తర్వాత ఆలోచిస్తానని మాత్రం అన్నాడు. గురువారం ఉదయం ఆమె సెంటాయన కొట్టు తెరవకముందే మెట్టు మీద కూర్చుని ఉంది.

"నాకోసం కలిపినది ఇచ్చెయ్యండి బాబాయ్."

"అది ఇంకా పసిదమ్మా. కలిపి వారం దాటింది, అంతే. పొగాకు ఇంకా పొగాకు కాలేదు, వెనీలా ఇంకా వెనీలా కాలేదు. ఇప్పుడు తీస్తే ఎవరొస్తారో నేను చెప్పలేను."

"రేపు డాక్టరొస్తాడు. మూడు నెలల తర్వాత మా ఆయనొచ్చి ఎవరికి తినిపిస్తాడు?"

సెంటాయన లేచాడు. నల్లగుడ్డ కప్పిన పెట్టెలోంచి గోధుమరంగు సీసా తీసి, ఒక చిన్న సీసాలోకి వంచి, డబ్బులొద్దని చెయ్యి ఊపాడు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆమె దుంపలు మెదిపింది. చొక్కా కాలరు మీద సీసా సగం కుమ్మరించింది. వాసన వస్తోందో లేదో తెలియలేదు. కడిగిన చెక్కలా, తడి కాగితంలా, ఇంకా పేరు పెట్టని దేనిలాగో ఉంది. కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. నుదురు డ్రైవరుది కాదు, భుజాలు డ్రైవరువి కాదు. ముప్పై ఏళ్లు ఉండొచ్చు, మొహం మీద ఒక్క ముడత, ఒక్క మచ్చ లేదు. అరచేతుల్లో గీతలు కూడా లేవు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు, లేవడం ఎలాగో తెలియనట్టు.

కోడలికి ఇంక వెళ్లడానికి చోటు లేదు, కలపడానికి సీసా లేదు. అతని చెయ్యి పట్టుకుని లేపి, లోపలి గదికి నడిపించి, మంచం పక్కన కూర్చోబెట్టి, గిన్నె ఒళ్లో పెట్టింది.

"మా అత్తయ్యకి తినిపించు."

అతను గిన్నెలోకి చూశాడు. చెంచా తీసుకుని, నిండా ముంచి, జాగ్రత్తగా ముసలావిడ చెవి దగ్గర పట్టుకున్నాడు.

"అక్కడ కాదు," అంది కోడలు. మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూలబడిపోయింది.

ముసలావిడ కళ్లు తెరిచింది. "ఎవరితను?"

"కొత్త సీసా అత్తయ్యా."

"మావాడిలా లేడు."

"లేడు," అంది కోడలు. అబద్ధమాడే ఓపిక ఆమెకి లేదు.

ముసలావిడ అతన్ని పైనుంచి కిందకి చూసింది. అతను ఇంకా ఆవిడ చెవి దగ్గరే చెంచా పట్టుకుని, ఏం జరుగుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

"ఎన్నాళ్లవాడివి నువ్వు?" అని అడిగింది.

"తొమ్మిది రోజులు."

"ఎప్పుడైనా తిన్నావా?"

అతను ఆలోచించాడు. "లేదండీ."

"పుట్టిన దగ్గరనుంచీనా?"

"ఎవరూ పెట్టలేదండీ."

ముసలావిడ మెడ ఎత్తి, మంచం కోడు దగ్గర కూర్చున్న కోడలి వైపు చూసింది. ఆ కళ్లలో పదకొండు రోజులుగా లేనిది ఒకటి వచ్చింది. అది కోపం.

"తొమ్మిది రోజుల పిల్లాడు. వాడికి ఏమీ పెట్టకుండా నాకు తినిపించమని పురమాయిస్తావా? బుద్ధుందా అమ్మాయ్? నన్ను లేపి కూర్చోబెట్టు."

కోడలు లేచి, వెనక రెండు దిళ్లు పెట్టి కూర్చోబెట్టింది. ముసలావిడ ఎడమచేత్తో అతని చేతిలోంచి చెంచా లాక్కుంది. ఆ చెయ్యి వణికింది, దుప్పటి మీద సగం ఒలికింది. మిగతా సగం అతని నోటి దాకా తీసుకెళ్లింది.

"నోరు తెరు."

తెరిచాడు. పెట్టింది. అతను అలాగే నోరు తెరుచుకుని కూర్చున్నాడు, ముద్ద నాలుక మీద ఉండిపోయింది.

"మూసుకోవాలి. మూసుకుని నమలాలి."

"నమలడం అంటే?"

"అయ్యో రాత," అంది ముసలావిడ. గిన్నెలోంచి ఇంకో అర చెంచా తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. "ఇదిగో, ఇటు చూడు. ఇలా. పళ్లు లేవు నాకు, నీకున్నాయి, నీకింకా తేలిక. తర్వాత ఇలా మింగాలి." మింగింది. ఆవిడ గొంతు మీద అది దిగడం కోడలికి కనిపించింది. అతనికీ కనిపించింది. అతను నమిలి, మింగి, ఆశ్చర్యంగా గొంతు తడుముకున్నాడు.

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉందండీ."

"ఉప్పు తక్కువైంది. మళ్లీ చూడు," అంది ఆవిడ.

ఒక చెంచా అతనికి, ఒక చెంచా ఎలాగో చూపించడానికి తనకి. ఎక్కువ నోట్లో కుక్కుకోకూడదని చూపించింది. మింగేటప్పుడు మాట్లాడకూడదని చూపించింది. అతను తొందరగా నేర్చుకోలేదు. అందుకని ఆవిడ చాలాసార్లు చూపించాల్సి వచ్చింది.

తొమ్మిదిన్నరకి డాక్టరు సంచీతో వచ్చాడు. గుమ్మంలో ఆగి, లోపలికి చూసి, చప్పుడు కాకుండా బయట వరండాలో టైలరమ్మ వేసిన బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి సంచీ తెరవకుండానే, సోమవారం ఒకసారి వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సోమవారమూ గొట్టం అవసరం రాలేదు. ఆవిడ ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, ఎడమచేత్తో తన అన్నం తనే తింటూ.

పచ్చి సీసా వాసన గంటన్నరకే ఆరిపోయింది. అతను మెల్లిగా పలచబడ్డాడు. పలచబడుతూ కూడా నోరు తెరిచి పెట్టించుకుని, సరిగ్గా మూసుకుని, సరిగ్గా నమిలాడు. చొక్కా ఖాళీగా మంచం మీదికి జారింది. ముసలావిడ దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. గిన్నెలో ఇంకా నాలుగు చెంచాల దుంప మిగిలింది.

కోడలు ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడి, ఆ మడత వైపు చూస్తోంది. ఆమె చెక్కిళ్లు లోపలికి పోయి ఉన్నాయి. జాకెట్టు భుజాల దగ్గర వదులై జారుతోంది.

"నువ్వెప్పుడు తిన్నావు?" అంది అత్తగారు.

కోడలు గుర్తు చేసుకోడానికి ప్రయత్నించింది. రాలేదు.

"ఇటు రా. కూర్చో."

ఆమె వచ్చి మంచం మీద, అతను కూర్చున్న చోట కూర్చుంది. ముసలావిడ వణికే చేత్తో గిన్నె అడుగు గీకి, చెంచా నింపి, ఎత్తి పట్టుకుంది. కోడలు నోరు తెరిచింది.